అధిక మాసాలు

మా బావను ఎవరన్న "పిల్లగానికి ఎన్నేండ్లు?" అని అడిగితే జవాబు చెప్పడు. "దేనికి?" అని ఎదురు అడుగుతడు.

దేనికో తెలిస్తేనే గదా ఎన్నో చెప్పెటిది! బడికైతే ఒకటి, బస్సుకైతే ఒకటి, ఆటలకైతే ఇంకొకటి. ఇసొంటి మనిషి మీ చుట్టాలల్ల సుత ఒకలు ఉండే ఉంటరు. మాకు కోరుట్ల నుంచి అల్లుని రూపంల దొరికిండు.

ఆయన్ను ఒక్కన్నే అనుడు సుత న్యాయం కాదు. ఆయన తరంల పిల్లగాడు కుడి చెయ్యి నెత్తి మీదికెల్లి తిప్పి ఎడమ చెవు అందుకుంటే ఒకటో తరగతి, అందకుంటే మల్లొచ్చే యేడు. పుట్టిన తేది సారుకు తోచింది రాసుకునేది. అందుకే మా దిక్కు ఓ ఈడు దాటినోళ్ళల్ల సగం మంది జూన్‌ల, జూలైల పుట్టినోళ్ళే. నేను సుత. బావ ఎప్పుడు పుట్టిండని వాళ్ళవ్వను అడిగితే "జగిత్యాల జైత్రయాత్ర నాటికి బర్లు కాసే ఈడు" అనేది. ఆ రైతుకూలీల జైత్రయాత్ర 1978ల అయింది, అది ఖాయం. బర్లు కాసే ఈడు ఎంతనేది బర్రెను బట్టి ఉంటది. పదో తరగతి మెమోల ఒక వయసు, దుబాయి పోయేటప్పుడు ఏజెంటు రాయించిన పాస్‌పోర్టుల ఒక వయసు, వాళ్ళవ్వ నోట్ల ఒక వయసు. మూడు వయసులతోని బతికిన మనిషికి, పిల్లలకు ఒక్కటే ఉండాలంటే జర అన్యాయం లెక్కనే కొడ్తది.

కొడుకును అండర్ ఫోర్టీన్ కబడ్డీకి తోలుకపోయిండు ఒకపారి. పిల్లగాడు పొద్దున గడ్డం గీసుకొని బరిల దిగిండు. రెఫరీ వాన్ని చూసి, వాని ఎనుక నిలవడ్డ బావను చూసి, "ఇద్దరిల ఆడేది ఎవలు?" అని అడిగిండట. ఈ ముచ్చట బావనే చెప్పుకుంటడు, అదేదో కప్పు గెల్చినట్టు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంటే ఇంటిల్లిపాది బయలెల్లేది. ఆర్టీసీల అయిదేండ్లు నిండేదాంక టికెటు లేదు, పన్నెండు దాంక హాఫ్. అందుకని మా మేనకోడలు నాలుగేండ్ల వయసుల మూడేండ్లు ఉన్నది. ఆఖరికి ఓనాడు కిటికీల నుంచి దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే గట్టిగ చదువుకుంట వస్తుంటే, కండక్టరు "నాలుగేండ్లకే ఇట్ల చదువుతంది, కలెక్టరైతది పో" అని దీవించి మరీ హాఫ్ టికెట్ కొట్టిండు. చిత్రమేందంటే గుడి కాడ అర్చన చేయించేటప్పుడు మాత్రం పొల్ల అసలు వయసు చెప్పి ఆయురారోగ్యాలు అడుగుతడు. దేవుని కాడ బేరం లేదు.

కాలం సుత ఆయన మీద పగవట్టింది. 2016 నుంచి రైల్ల పిల్లలకు బెర్తు కావాలంటే ఫుల్ చార్జి అయింది. వండర్‌లా పార్కు కాడికి పోతే వాళ్ళు వయసు అడగనే అడగరు, ఎత్తు కొలుస్తరు. మోకాళ్ళు జర వంచి నిలవడురా అని మనుమనికి చెవుల చెప్తుంటే నేను ఇవతలికి వచ్చి వేరే గుంపుల నిలవడ్డ. 2023 డిసెంబర్‌ల మహాలక్ష్మి పథకం వచ్చి బస్సుల ఆడోళ్ళకు జీరో టికెట్ అయినంక, "నా విద్య సగం దండుగ అయిందోయ్ బామ్మర్దీ" అన్నడు. నిజంగనే చిన్నబోయిండు పాపం.

ఇంక సిరిసిల్ల వియ్యంకుడు దొరికిండు చూడు, ఆయన గీయనకు గురువు. సంబంధం మాట్లాడను పోయిననాడు మరమగ్గాల సాంచెల కాడనే కుర్చీలేసి కూసోవెట్టిండు. పిల్లగాని వయసు ఇరవై ఎనిమిది అన్నడో, ఇరవై ఆరు అన్నడో, గా చప్పుడుల ఎవలికీ వినవడలే. పెండ్లైనంక అసలు సంగతి బయటవడితే "నేను సక్కగనే చెప్పిన, సాంచె మింగింది" అన్నడు. బావకు కోపం రాలే. ఇంటికొచ్చి అక్కతోని "మనిషి పనిమంతుడే" అన్నడట.

ఓపారి జగిత్యాలకు వచ్చి నన్ను ఆధార్ సెంటర్‌కు గుంజుకపోయిండు. పుట్టిన తేది ఒక్కసారే మార్చుకోవచ్చని అక్కడి పిల్లగాడు చెప్పంగనే బావ మొఖం చూడాలె. "ఒక్కసారేనా? మనిషి బతుకుల ఎన్ని అవసరాలుంటయ్ బిడ్డా!" అన్నడు. 57కే ఆసరా పింఛను అని సర్కారు చెప్పినప్పటి సంది మెమోల వయసు తక్కువున్నదని ఆయనకు మనాది. ఒకప్పుడు తగ్గించిన సారునే ఇప్పుడు తిడ్తడు.

గసొంటి మనిషిని డాలస్‌ల ఉన్న కొడుకు పిలిపిచ్చుకొని, మనుమడు, మనుమరాలుతోని కలిపి ఓడ ఎక్కిస్తనన్నడు. డాలస్ నుంచి కారుల అయిదు గంటలు పోతే గాల్వెస్టన్ రేవు. అక్కడ ఎక్కితే మెక్సికో దాంక తిప్పి తీసుకొస్తరు. ఎక్కకముందే కొడుకు ఫోన్‌ల పిల్లల క్లబ్బుల వివరం పంపితే, బావ దాన్ని నాకు పంపి చదివిపిచ్చుకున్నడు. కార్నివాల్ కంపెనీ ఓడలల్ల రెండు నుంచి అయిదు దాంక ఒక గుంపు, పేరు పెంగ్విన్స్. ఆరు నుంచి ఎనిమిది స్టింగ్‌రేస్. తొమ్మిది నుంచి పదకొండు షార్క్స్. పన్నెండు నుంచి పద్నాలుగు సర్కిల్ సి, పదిహేను నుంచి పదిహేడు క్లబ్ ఓటూ. ఇంకో కంపెనీ రాయల్ కరీబియన్‌ల అయితే మూడేండ్లు నిండాలె, మీదికెల్లి డైపరు ఉండొద్దు.

"మన దగ్గర అయిదు, పన్నెండు, రెండే గీతలు. వీళ్ళు ఎన్ని గీసిండ్రు!" అని మురిసిండు. "ఏ గుంపుకు ఎంత?"

"పైసల్లేవు బావా. పగటీలి అంత ఫ్రీ. రాత్రి పదింటి తర్వాత చిన్నపిల్లలను ఉంచితేనే గంటకు ఇంత అని తీసుకుంటరు."

ఫోన్‌ల ఉలుకు పలుకు లేదు. ఇంక జరసేపటికి అన్నడు: "ఫ్రీ అయితే మల్ల వయసు ఎందుకు అడుగుతండ్రు?"

ఆయన బతుకుల ఇసొంటిది ఎన్నడు ఎదురుకాలే. వయసు అడిగిండ్రంటే పైసల కోసమే అడగాలె. పిల్లల సౌలతు కోసం సుత అడుగుతరని చెప్తే నమ్మడు. మా పెండ్లిండ్లల్ల రెండేండ్ల పోరి నుంచి పదిహేడేండ్ల పోరడు దాంక అందరు ఒక్క పందిరి కిందనే, పెద్దోళ్ళ సంకల చిన్నోళ్ళు. నాకైతే అదే ఇష్టం. కని, పన్నెండు కాడ గీత గీసినోనికి పిల్లలు ఎరికే అని ఒప్పుకోవాలె. చిన్నోళ్ళను అమ్మానాన్నలు సంతకం పెట్టి దింపాలె, సంతకం పెట్టి తీసుకపోవాలె. పన్నెండు నిండినోళ్ళు వాళ్ళంతల వాళ్ళే వస్తరు, పోతరు. పన్నెండేండ్ల పోరనికి అదే స్వరాజ్యం.

తకరారు అక్కడనే వచ్చింది. మనుమనికి పదకొండేండ్ల పది నెలలు. వాళ్ళతోని ఓడ ఎక్కిన దోస్తు కుటుంబంల పిల్లగాండ్లకు ఒకనికి పన్నెండు, ఒకనికి పదమూడు. వాళ్ళు పెద్ద క్లబ్బుకు పోతుంటే వీడు తొమ్మిదేండ్లోళ్ళ గుంపుల కూసోవాలె. ఏడ్పు మొకంతోని తాత కాడికి వచ్చిండు. తర్వాత సంగతి అక్క నాకు ఫోన్‌ల చెప్పుకుంట నవ్వలేక దగ్గు తెచ్చుకున్నది.

బతుకంత తగ్గిచ్చినోడు, మొదటిపారి పెంచను పోయిండు. కొడుకు వద్దు బాపూ అని మొత్తుకుంటున్నా వినక, వాన్నే తర్జుమాకు పెట్టుకొని కౌంటర్ కాడ ఉన్న అమ్మాయికి పంచాంగం చెప్పవట్టిండు. "మా లెక్క చంద్రుని లెక్క బిడ్డా. రెండేండ్లు దాటి ఎనిమిది నెలలైందంటే ఒక అధిక మాసం వస్తది. వీడు పుట్టినప్పటి సంది నాలుగు వచ్చినయ్. పదకొండేండ్ల పది నెలలకు నాలుగు కలిపితే పన్నెండు దాటి రెండు నెలలు." అక్క ఎనుక నుంచి "కడుపుల ఉన్న తొమ్మిది నెలలు సుత చెప్పుండ్రి" అని అందిచ్చింది. ఈ ఇంటి రోగం అంటుకోనిది ఎవలికి? ఆ అమ్మాయి అంత ఓపికగ విని, చంద్రుడు చాన బాగున్నడని చెప్పి, ఓడ ఎక్కిననాటికి పాస్‌పోర్టుల ఎంత ఉంటే అంతే అన్నది. పాస్‌పోర్టు అనంగనే బావ ఇంక మాట్లాడలే. ఆయన పాస్‌పోర్టు సంగతి ఆయనకు ఎరికే గదా.

మనుమడు మూతి ముడుచుకొనే లోపటికి పోయిండు. రెండో దినానికి బువ్వకు పిలిస్తే సుత వస్తలేడట. అయిదేండ్ల మనుమరాలైతే పెంగ్విన్లను ఇడిచిపెట్టి ఇంటికి రానన్నది. బావ ఒక్కడు మిగిలిండు. తిరుగుకుంట తిరుగుకుంట పెద్దోళ్ళకు మాత్రమే అని రాసి ఉన్న డెక్కు కాడికి పోయిండు. ఇరవై ఒకటి దాటినోళ్ళకే అన్నరు. అక్కడ ఆయన్ను ఎవలూ వయసు అడగలే. మూడు వయసులు తయారుగ పెట్టుకొని పోతే ఒక్కటి సుత అక్కరకు రాలే. గా బాధ తీరక నాకు ఫోన్ చేసిండు.

మొన్న ఎండకాలం పిల్లలు కోరుట్లకు వచ్చిండ్రు. అందరం కలిసి జగిత్యాల బస్సు ఎక్కినం. కండక్టరమ్మ వచ్చింది. బావ నోరు దానంతల అదే "పిల్లగానికి పదకొండు బిడ్డా, హాఫ్ కొట్టు" అన్నది.

మనుమడు సీట్ల నుంచి లేచి నిలవడ్డడు. "నో తాతా! ఐ యామ్ ట్వెల్వ్!"

బస్సంత ఇటే తిరిగింది. అక్క జీరో టికెట్ చేతుల పట్టుకొని కిటికీల నుంచి బయటికి చూస్తంది. కండక్టరమ్మ మెషిన్ మీద ఫుల్ కొట్టవోతుంటే బావ జర ముందుకు వంగి, మెల్లగ, ఎంతో మర్యాదగ అన్నడు:

"పాస్‌పోర్టుల పన్నెండే అమ్మా, నేను కాదంటలేను. కని అండ్ల నాలుగు అధిక మాసాలున్నయ్. అవి తీసేసి చూడు."