సంపుటి వాలాలి, సంచిక నిలబడాలి

జర్నల్‌కి పేపర్ పంపిన మూడో రోజునే జవాబు వస్తే సంబరపడకండి. దాన్ని ఇంకా ఎవరూ చదవలేదు, టెక్నికల్ చెక్‌లోనే ఆగిపోయింది. పదిహేడో రిఫరెన్సులో సంచిక సంఖ్య ఇటాలిక్స్‌లో పడిందట. రిఫరెన్సులు రాసే ఏపీఏ పద్ధతిలో సంపుటి సంఖ్య వాలి ఉండాలి. దాని పక్కన బ్రాకెట్లో సంచిక సంఖ్య నిటారుగా నిలబడాలి. రెండింటి మధ్య ఖాళీ ఉండకూడదు. పేజీ నంబర్ల మధ్య ఉండే గీత హైఫన్ అయితే కుదరదు, దానికంటే వెంట్రుకవాసి పొడుగుండే ఎన్-డ్యాష్ కావాలి. మీరు కనిపెట్టింది క్యాన్సర్‌కి మందే అయినా సరే, ముందు ఆ గీత సాగదీసుకు రండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడి పూజారి అసలు దేవుడి దాకా పోనివ్వడు.

సాగదీసి పంపారనుకుందాం. రెండు నెలలయ్యాక 'మా జర్నల్ పరిధిలోకి రాదు' అని తిప్పికొడతారు. పరిధి సంగతి మొదటి రోజే తెలియదా అని అడిగే హక్కు మీకు లేదు. ఇంకో జర్నల్ వెతుక్కుంటారు. వాళ్ళది వాంకూవర్ పద్ధతి. ఇప్పుడు సంవత్సరాన్ని పేరు పక్కనుంచి పీకి వెనక్కి జరపాలి, జర్నళ్ళ పేర్లన్నీ కుదించాలి, కుదించిన చోట చుక్క పెట్టకూడదు, 123 నుంచి 129 వరకూ ఉన్న పేజీలను 123-9 అని రాయాలి. ఈ వాంకూవర్ ఎలా పుట్టిందో తెలుసా? 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు ఆ ఊళ్ళో కూర్చుని, పత్రికకో పద్ధతి ఉంటే రచయితలు చచ్చిపోతున్నారు, అందరం ఒకటే పెట్టుకుందాం అనుకున్నారు. అలా, ఉన్న పద్ధతులకు ఇంకొకటి చేరింది. రిఫరెన్సులు పేర్చే సాఫ్ట్‌వేర్ జొటేరో వాడే శైలుల భాండాగారంలో ఇప్పుడు పది వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి జర్నల్ పేరు తప్ప వేరే తేడా లేదు, అది వేరే సంగతి.

ఏపీఏ నియమాలు 1929లో ఏడు పేజీల వ్యాసం. ఇప్పుడవి నాలుగు వందల పేజీలు దాటిన గ్రంథం. 2009 కూర్పులో వాక్యం చివరి చుక్క తర్వాత రెండు ఖాళీలు వదలమన్నారు, 2019లో ఒకటి చాలన్నారు. పుస్తకం అచ్చయిన ఊరి పేరు రాసి తీరాలని దశాబ్దాల పాటు పట్టుబట్టినవాళ్ళే, అదే 2019లో ఊరి పేరే వద్దు పొమ్మన్నారు. ఊరు రాయలేదని అంతకుముందు దాకా వాపసు తెచ్చుకున్న స్కాలర్లకు కనీసం సారీ అయినా చెప్పలేదు.

మన పేర్లకు పట్టిన గతి ఇంకో కథ. మనకు ఇంటిపేరు ముందుంటుంది. జర్నల్‌కి కావాల్సింది 'లాస్ట్ నేమ్'. చివర ఏముంటే అదే మన ఇంటిపేరని వాళ్ళే ఖాయం చేస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద 1925లో రాసిన పేపర్‌ని తరతరాలుగా ఉదహరిస్తూనే ఉన్నారు. రిఫరెన్సులో ఆయన 'సుబ్బారో, వై.' యల్లాప్రగడ వారి వంశమంతా ఒక్క 'వై'లో సర్దుకుంది. గణాంకశాస్త్రంలో క్రామర్-రావు అసమానతకు పునాది వేసిన 1945 పేపర్ కర్త కల్యంపూడి రాధాకృష్ణారావు అక్కడ 'రావు, సి. ఆర్.' ఇంతటివాళ్ళకే ఇలా జరిగితే మామూలు రావులు, రెడ్లు, కుమార్లు, దేవిలు ఏమైపోవాలి? ఒకే పొడి అక్షరాల కింద వందమంది కుప్పపడ్డారు. చివరికి మనిషికో పదహారు అంకెల ఓర్కిడ్ నంబరు ఇచ్చి వేరు చేయాల్సి వచ్చింది. తెలుగు శాఖల్లో పరిస్థితి మరీ ముచ్చటగా ఉంటుంది. పుస్తకం పేరులో ముఖ్యమైన మాటలకు పెద్దక్షరం పెట్టమంటుంది ఎంఎల్ఏ శైలి. అసలు పెద్దక్షరాలే లేని లిపిలో ఆ నియమాన్ని ఎలా పాటించాలో గైడ్ గారే సెలవివ్వాలి.

సరే, ఇంత నిష్ఠగా చూస్తున్నారు కదా, రిఫరెన్సులన్నీ కడిగిన ముత్యాల్లా ఉంటాయనుకుంటాం. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ తన రచయితలకు నమూనాగా ఒక రిఫరెన్సు ఇచ్చింది. వాన్ డెర్ గీర్, మరో ఇద్దరు, 'శాస్త్రీయ వ్యాసం రాసే కళ', 2000, 163వ సంపుటి, 51 నుంచి 59 పేజీలు. అలాంటి పేపర్ లేదు. అలాంటి జర్నలూ లేదు. చుక్కలు, కామాలు ఎక్కడ పెట్టాలో చూపించడానికి కల్పించిన బొమ్మ అది. దాన్ని దాదాపు నాలుగు వందల పేపర్లు ఉదహరించాయి! పీటర్ క్రోనెన్‌బర్గ్ అనే ఆచార్యుడి కంట పడితే, మరో ఆచార్యురాలు ఆన్-విల్ హార్జింగ్ కూపీ లాగి 2017లో బయటపెట్టారు. ఉదహరించినవాటిలో చాలావరకు సమావేశాల పేపర్లు. నమూనా ఫైల్లో తమ పేపర్ నింపుకున్నవాళ్ళు పాత వరుస చెరపడం మరిచిపోయారు. అన్నీ గడపలు దాటి అచ్చయ్యాయి. దాటక ఏం చేస్తాయి? ఆ రిఫరెన్సుకు ఫార్మాటులో వంక పెట్టడానికి లేదు మరి. పెళ్ళికొడుకు ఉన్నాడో లేడో అడక్కుండా, శుభలేఖ నాలుగు మూలలా పసుపు పూశారా లేదా అని తడిమి చూసే పెద్దమనుషులు వీళ్ళు.

2003లో పరిశోధకులు సిమ్కిన్, రాయ్‌చౌధురి మరో పద్ధతిలో దొంగల్ని పట్టారు. 1973 నాటి ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర పేపర్‌ని ఉదహరించిన 4,300 చోట్ల వెతికితే 196 అచ్చుతప్పులు దొరికాయి. వాటిలో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే ఒక్క తప్పు పేజీ నంబరు 78 సార్లు వచ్చింది. అంటే ఒకడి జాబితా చూసి ఇంకొకడు ఎక్కించుకున్నాడన్నమాట. ఉదహరించేవాళ్ళలో మూలం చదివేది అయిదో వంతేనని వాళ్ళ అంచనా. కాపీ కొట్టినవాడు కూడా ఎన్-డ్యాష్ మాత్రం సరిగ్గానే పెట్టి ఉంటాడు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చి కాపీ కొట్టే శ్రమ కూడా తప్పించింది. లేని పేపర్‌కి లేని రచయితలను, సంపుటిని, పేజీలను క్షణంలో పుట్టిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది కల్పించిన కేసులను కోర్టులో దాఖలు చేసి అయిదు వేల డాలర్ల జరిమానా వేయించుకున్నారు. ఎదుటి పక్షం లాయర్లు ఆ కేసుల కోసం వెతికారు కాబట్టి గుట్టు రట్టయింది. జర్నల్‌లో ఎదుటి పక్షం ఎవరు?

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉండే డీటీపీ సెంటర్లలో 'థీసిస్ టైపింగ్, బైండింగ్, రిఫరెన్స్ సెట్టింగ్' అని బోర్డు ఉంటుంది. లోపల కుర్రాడు తల కూడా ఎత్తకుండా "ఏపీఏ ఆరోదా, ఏడోదా మేడమ్?" అంటాడు. పేజీకింత అని రేటు. కాసేపటికి "మేడమ్, ఈ ఇరవై మూడూ నలభై ఒకటీ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు పెట్టారు?" అని అడుగుతాడు. ఆ జాబితాను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చూసిన మనిషి బహుశా అతనొక్కడే. రివ్యూయర్ రిపోర్టులో ఆ మాట రాదు.

రిఫరెన్సులే వద్దనడం లేదు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఎలా వెతుక్కోవాలి అన్నది పాఠకుడికి చెప్పి తీరాలి. అందుకు పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐ ఒకటిస్తే మిగతా వివరాలన్నీ యంత్రమే తెచ్చి, ఏ శైలి కావాలంటే ఆ శైలిలో పరుస్తుంది. డీఓఐ లేని పాత పుస్తకాలు, ప్రాంతీయ పత్రికలుంటే వాటిని చేత్తో రాసుకుందాం, ఎన్నుంటాయి? 2019లో ప్లాస్ వన్ జర్నల్‌లో వచ్చిన ఒక సర్వే ప్రకారం ఒక్కో పేపర్ ఫార్మాటింగుకు పరిశోధకులు దాదాపు 14 గంటలు పోస్తున్నారు. జీతం ప్రజల సొమ్ము, లాభం ప్రచురణకర్తది.

2011లో ఎల్సెవియర్ వాళ్ళదే ఒక జర్నల్ 'మొదటిసారి ఏ ఫార్మాటైనా ఫర్వాలేదు' అంది. తర్వాత చాలా జర్నళ్ళు ఆ దారిలోకి వచ్చాయి. మంచిదే. అయితే కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంటుంది. పేపర్ తీసుకున్నాక మా శైలికి మార్చి పంపాలి అని. వేల డాలర్ల ప్రచురణ రుసుము పుచ్చుకుని, టైప్‌సెట్టర్లను పెట్టుకుని, ఆ మార్చే పని మళ్ళీ మాకేనా? డీఓఐల జాబితా పంపిస్తాం, సంపుటిని మీరే వాల్చుకోండి. కాస్త తీరిక దొరికితే ఆ జాబితాలోంచి ఏ అయిదింటినైనా తెరిచి, మేం చెప్పిన మాట అందులో ఉందో లేదో చూసి ఉత్తరం రాయండి. వాపసు పంపితే అందుకు పంపండి.