ఐదు మార్కుల చెవులు

మేం చదువుకునే రోజుల్లో బడిలో మాట్లాడటం నేరం. సారు బయటికి వెళ్తూ క్లాస్ లీడర్ చేతిలో సుద్దముక్క పెట్టేవారు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డెక్కేవి. ఆపకుండా మాట్లాడినవాడి పేరు పక్కన ఇంటూ రెండు, ఇంటూ మూడు అని పెరుగుతూ పోయేది. సారు తిరిగొచ్చాక ఆ లెక్క ప్రకారమే అరచేతుల మీద వడ్డన. అలా బోర్డెక్కిన మహానుభావులే ఇవాళ మాదాపూర్‌లో 'స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్' పేరుతో పొద్దస్తమానం మాట్లాడి జీతాలు తీసుకుంటున్నారు. వాళ్ల పేర్లు రాసిన లీడరేమో వాళ్ల కిందే నోరు మూసుకుని టెస్టింగ్ చేసుకుంటున్నాడు. మీకెలా తెలుసంటారా? ఆ లీడర్ని నేనే.

ఇప్పుడు రోజులు తిరగబడ్డాయి, మాట్లాడితే మార్కులు. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లిష్ కోర్‌లో బడిలోనే వేసే 20 మార్కుల్లో 10 ఏఎస్‌ఎల్ అనే పరీక్షకి పోతాయి. అందులో మాట్లాడటానికి 5, వినడానికి 5. మన ఇంటర్ బోర్డు కూడా 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లిష్‌కి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. కెమిస్ట్రీ పిల్లలు పిపెట్ కడుక్కున్నట్టు వీళ్లు గొంతు సవరించుకుని వెళ్తున్నారు.

మా అమ్మాయి వినే పరీక్ష రాసి వచ్చింది. ఆడియో వినిపిస్తారు, విని ఖాళీలు పూరించాలి. వాళ్ల బడి నానక్‌రామ్‌గూడ వైపు. అక్కడ మిగిలిన నాలుగు బండల్ని కూడా పేల్చి టవర్లు లేపుతున్నారు.

"ఎలా రాశావమ్మా?"

"వలస పక్షుల గురించి చెప్పారు నాన్నా. సైబీరియా నుంచి బయల్దేరాయి. మధ్యలో ఢామ్మంది. ఆ తర్వాత పక్షుల్లేవు."

మాట్లాడే పరీక్షల్లో పెద్దన్న 'జామ్'. జస్ట్ ఎ మినిట్ అనేది 1967లో బీబీసీ రేడియోలో నవ్వుకోవడానికి మొదలైన ఆట. ఇచ్చిన విషయం మీద తడబడకుండా, చెప్పిందే చెప్పకుండా, దారి తప్పకుండా నిమిషం మాట్లాడాలి. ఆ ఆట సముద్రాలు దాటి మన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ ఇంగ్లిష్ ల్యాబుల్లోకొచ్చి పాఠమైపోయింది. అక్కడ తడబడితే జనం నవ్వుతారు. ఇక్కడేం చేస్తారో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు చెప్పాడు. వాళ్ల కాలేజీలో నోటితో చెప్పాల్సిన నిమిషం ఉపన్యాసాన్ని ముందు రికార్డు పుస్తకంలో మార్జిన్లు కొట్టి రాయాలట. మేడమ్ సంతకం అయ్యాకే నోరు విప్పాలట. రికార్డు నీటుగా ఉంటే నోరు విప్పకపోయినా ఫర్వాలేదట.

మా గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పబ్లిక్ స్పీకింగ్ క్లాసులు. యూకేజీ నుంచే చేర్చుకుంటారు. ఫలితాలు లిఫ్టులోనే తెలుస్తున్నాయి. పై ఫ్లోర్ బుడతణ్ని "అన్ని బటన్లూ ఎందుకు నొక్కావురా?" అని అడిగితే, "అంకుల్, దేర్ ఆర్ త్రీ రీజన్స్" అంటూ వేళ్లు విప్పాడు. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగుతోంది కాబట్టి మూడూ వినక తప్పలేదు. మూడోది బాగానే ఉంది.

మాట్లాడటం నేర్పే బోర్డులు ఇన్నున్నాయి గానీ 'ఇచ్చట వినడం నేర్పబడును' అనే బోర్డు కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా వెతికినా కనిపించదు. అవసరం లేక కాదు. 1998లో వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచీ ఈ చుట్టుపక్కల అందరూ ఎక్కువసార్లు పలికిన వాక్యం "యామ్ ఐ ఆడిబుల్?" అయ్యుంటుందని నా నమ్మకం. రెండోది "క్యాన్ యూ రిపీట్ ద క్వశ్చన్?" ఇంతసేపూ పులిహోర ఆర్డర్ పెట్టుకుంటూ వినలేదని దీని తాత్పర్యం.

అసలు వినడంలో పరీక్షంటే అష్టావధానానిది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి అంటారు, ఒకరు గంట కొడతారు. ఎన్ని గంటలు కొట్టారో లెక్క తప్పకూడదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి, అవధాని గారూ, వంకాయకి కిరీటం ఎవరు పెట్టారండీ అంటాడు. అతనికి సమాధానం చెబుతూనే, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. మా మీటింగుల్లో కూడా ఇవన్నీ ఉన్నాయి. అప్రస్తుత ప్రసంగులైతే అరడజను మంది, పిలవకుండానే వస్తారు. ధారణ చేసేవాడే దొరకడు. అందుకే 'మినిట్స్' రాసే పనిని ఈమధ్య ఏఐకి అప్పగించారు. మొత్తం మీటింగులో మొదటి నుంచి చివరిదాకా విన్నది అదొక్కటే.

సిద్దిపేటలో మా అమ్మకి ఫోన్ చేసి మనవరాలి పరీక్ష సంగతి చెప్పాను.

"ఏందిరా, ఇనుడుకు గూడ పరీక్షనా?"

"అవునమ్మా. ఐదు మార్కులు."

"మీ నాయినకు పెట్టాల్సిన పరీక్ష గదా బిడ్డా! నలభై ఏండ్ల సంది జెప్తున్న, ఒక్క మార్కు రాలే."

వెనకనుంచి నాన్న "ఏమంటున్నదిరా?" అన్నారు. నేను నవ్వుతుంటే మా అమ్మ ఠక్కున, "నువ్వు నవ్వకు. పోయిన వారం గోలీలు పంపుమన్న, పంపినవా?" అంది. అప్పుడు నేనొక కాల్‌లో ఉన్నాను. ఊఁ ఊఁ అన్నట్టు గుర్తుంది.

మా అమ్మాయికి మాట్లాడినందుకు 5కి 5, విన్నందుకు 5కి 3 వచ్చాయి. ఆ పోయిన రెండూ బండ పేల్చినవాళ్లవి కాబట్టి నేనేం అనలేదు. బళ్ల యాజమాన్యాలకు నాదొక్కటే మనవి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగులో మార్కుల షీటు చేతికిచ్చేముందు, టీచరమ్మ అరగంటగా ఏం చెప్పారో తల్లిదండ్రులను ఒక్కొక్కరినీ నిలబెట్టి అడగండి. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకోండి. సరిగ్గా చెప్పలేనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయించండి. సుద్దముక్క మా అమ్మాయి చేతికివ్వండి, వాళ్ల నాన్న చేతిరాతే వచ్చింది.