మనుగుడుపులకి వెళ్ళినవాడి గోడు

ఏమోయ్ అబ్బాయ్, పందిరి ఇంకా విప్పనేలేదు, అప్పుడే పెట్టెలు సర్దేశారట! బాలీ అట, మాల్దీవులట. పెళ్ళికి చేసిన అప్పు చాలదని దీనికింకో అప్పు. పైగా హనీమూన్ అంటే ఏమిటో నాకే పాఠం చెప్పొస్తావా? వెనకటికి యూరప్‌లో కొత్త దంపతులకి నెల్లాళ్ళు తేనెతో పులియబెట్టిన మధువు పోసేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చిందంటావు. ఫోన్లో కనబడిందల్లా వేదమే మీకు! ఆ కథకి గట్టి ఆధారమే లేదురా. ఇంగ్లండులో 1546లో జాన్ హేవుడ్ సామెతల పుస్తకంలో ఆ మాట కనబడుతుంది. 1552లో రిచర్డ్ హ్యూలోయెట్ అనే ఆయన నిఘంటువులో విడమరిచి మరీ చెప్పాడు: కొత్తలో మొగుడూ పెళ్ళాలు ఒకరంటే ఒకరు పడిచస్తారు, పోనుపోను ఆ మోజు చల్లారుతుంది, ఆ మొదటి రోజులకే జనం పెట్టిన పేరు ఇదీ అని. తేనెలా తీపి, చంద్రుడిలా తరుగుడు. అంటే ఎత్తిపొడుపన్నమాట! దానికి నువ్వు లక్షలు పోస్తున్నావు.

పెళ్ళయ్యాక ఊళ్ళు తిరగడం అక్కడి కలవారు 19వ శతాబ్దంలో మరిగారు. అదీ పెళ్ళికి రాలేకపోయిన చుట్టాల్ని చూసిరావడానికి, ఒక్కోసారి అయినవాళ్ళని వెంటేసుకుని. ఇది చదివి దొరలంటే కాస్త గౌరవం కలిగింది నాకు.

మా రోజుల్లో మనుగుడుపులు. ఎర్రబస్సెక్కి అత్తారింటికే. వీధరుగు మీద కాళ్ళు కడుక్కునేలోపే మరదళ్ళు కిసుక్కుమనేవారు. విస్తట్లో గారె కొరికానా, లోపల దూది! పళ్ళ సందున ఇరుక్కున్న దాన్ని లాక్కుంటుంటే మామగారు కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండో వాయిలో అసలు గారెలొచ్చాయి, అల్లం, పచ్చిమిర్చి వేసినవి, పక్కన బెల్లం పానకం. అలాంటివి ఇప్పుడెక్కడ, ఆ గ్రైండర్ పిండితో? ఆషాఢం రాగానే పెళ్ళాం పుట్టింటికి. నేను రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం ముందు మామగారు విప్పేవారు. అందుకని అందులో వర్షాల సంగతే రాసేవాణ్ణి. నువ్వైతే గంటకో ఫోటో పంపిస్తావు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఇదంతా వింటూ మీ బామ్మ, “ఆ గారెల పిండి రుబ్బింది నేనే. ఉన్నన్నాళ్ళూ దొడ్లోనే సరిపోయింది నాకు, నీ మొహం సరిగ్గా చూసింది బస్సెక్కేటప్పుడే” అంది. ఇన్నేళ్ళూ నోరెత్తని మనిషి!

సరేగానీ, ఊటీకి రైలు టిక్కెట్టు ఎంతో ఆ ఫోన్లో చూడు. ఊరికే తెలుసుకుందామని.