ఎర్ర గడి

రొమ్ము క్యాన్సర్ పరీక్షల వ్యాను ఇల్లందుకు వచ్చిన రోజు, ఆశా కార్యకర్త తన గుంపులోని ఆడవాళ్లను రెండు ఆటోల్లో తీసుకొచ్చింది. అందరూ నలభై దాటినవాళ్లే. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లే.

తీరా వ్యాను తలుపు దగ్గరికొచ్చాక ఒక్కరూ కదల్లేదు. లోపల రవిక విప్పాలట. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారట. ఒకామె వెనక్కి తిరిగి ఆటో వైపు నడిచింది.

"ఆగు అక్కా. ముందు నేను పోయొస్తా" అంది ఆశమ్మ. ఆమెకూ నలభై రెండు నిండాయి. లోపలికి వెళ్లింది. ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు ఫొటోలు తీయించుకుని బయటికొచ్చింది. "నొక్కినప్పుడు జరంత నొప్పి. అంతే" అంది. అప్పటిదాకా గోడల మీద అంటించిన ఏ పోస్టరూ చేయలేని పని ఆ మాట చేసింది. ఆటో దగ్గరికి వెళ్లినామె కూడా వరసలోకి వచ్చింది.

మెట్ల దగ్గర ఒక కుర్రాడు ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తున్నాడు. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు. నంబరు కొట్టందే ఫారం ముందుకు పోదు. ఫోన్ లేనివాళ్లు తెల్లమొహం వేస్తే ఆశమ్మే పక్కన నిలబడి నంబరు చెప్పింది. అవే వివరాలు తన రిజిస్టరులోనూ రాసుకుంది.

ఫొటోలను మొదట కంప్యూటర్ చూస్తుందని కుర్రాడు చెప్పాడు. అనుమానం ఉన్నచోట ఎర్ర గడి గీస్తుంది. గడి పడ్డవాళ్లకే మెసేజ్ వస్తుంది. గుట్టు బయటపడకుండా అందులో పేరు రాయరు. మెసేజ్ రాలేదంటే ఏమీ లేనట్టే.

లోపల దాగినదాన్ని పైనుంచి పసిగట్టడం ఇల్లందుకు కొత్త కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ చుట్టుపక్కలే బొగ్గు జాడ పట్టుకున్నాడు. సింగరేణి పుట్టింది అలాగే. కుర్రాడు చెప్పింది అందరూ తేలిగ్గానే నమ్మారు.

వారం తర్వాత ఆశమ్మ ఫోన్ మోగింది. "మీ నంబరుపై నమోదైన మామోగ్రాంలో ఎడమ రొమ్ములో అనుమానాస్పద గుర్తు ఉంది. వెంటనే క్యాన్సర్ వైద్యులను కలవండి."

ఆ రోజు ఆమె ఇద్దరు గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్లింది, పిల్లలకు టీకాలు వేయించింది. రాత్రి అన్నాలయ్యాక భర్తకు ఫోన్ చూపించింది.

తెల్లారేసరికి గుంపు మొత్తానికి తెలిసింది. వ్యాను దగ్గరికి తనతో వచ్చిన ఆడవాళ్లే ముందు గుమ్మంలోకి వచ్చారు. ఒకామె యాభై ఇచ్చింది, ఒకామె వంద. ఒకామె రెండు కోళ్లు అమ్మి ఆ డబ్బు తెచ్చింది. అందరిలోకీ పెద్దదైన అవ్వ దగ్గర డబ్బు లేదు. ఆశమ్మకు ఏమీ కాకుంటే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లం. ఆ బెల్లం కొనడానికైనా ఆమె ఎన్ని రోజులు కూలికి పోవాలో అక్కడున్నవాళ్లకు తెలుసు.

భార్యాభర్తలిద్దరూ ఖమ్మం మీదుగా హైదరాబాద్ వెళ్లారు. పెద్దాసుపత్రిలో డాక్టరు మెసేజ్ చదివి, వ్యానులో తీసిన ఫొటోలు ఉన్నాయా అని అడిగాడు. లేవంది. మళ్లీ మామోగ్రాం తీయించాడు. స్కానింగ్ చేయించాడు. చేత్తో తడిమి చూశాడు. మూడింట్లోనూ ఏమీ లేదు.

"మరి కంప్యూటర్ ఎందుకట్ల చెప్పింది సార్?"

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. రొమ్ము ఫొటోలు చూసే కంప్యూటర్‌కు అమెరికా ప్రభుత్వం మొదట అనుమతి ఇచ్చింది 1998లో. తర్వాత 43 కేంద్రాల్లో 2 లక్షల 22 వేల మంది ఆడవాళ్ల పరీక్షలు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్ వాడినచోట ముక్క తీసి పరీక్షకు పంపడం దాదాపు 20 శాతం పెరిగింది. పట్టుబడ్డ క్యాన్సర్లు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఇప్పటివి మెరుగయ్యాయి. స్వీడన్‌లో 80 వేల మందితో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. అక్కడ కంప్యూటర్ సాయంతో డాక్టర్లు ఫొటోలు చదివే పని 44 శాతం తగ్గింది, పట్టుకున్న క్యాన్సర్లు ఏమాత్రం తగ్గలేదు.

"అయినా గడి గీసిన ప్రతిచోటా క్యాన్సర్ ఉండదమ్మా. అది అనుమానం, అంతే. నీకేం లేదు. ధైర్యంగా పో" అన్నాడు.

ఆశమ్మ అక్కడే ఏడ్చింది. బస్టాండులో కిలో లడ్డూ కొంది.

సాయంత్రం గుంపంతా ఆమె ఇంటి ముందు చేరింది. లడ్డూలు పంచింది. మిగిలిన డబ్బు ఎవరిది వాళ్లకు తిరిగి ఇవ్వబోతే ఎవరూ తీసుకోలేదు. కంప్యూటర్‌ను తలా ఒక తిట్టు తిట్టారు. అవ్వ లడ్డూ కుడిచేత్తో పట్టుకుని, ఎడమ చంక కింద పైట సర్దుకుంటూ అడిగింది.

"మా ఫొటోల సంగతేంది ఆశమ్మా? మాకు మెసేజ్ ఏం రాలేదుగా?"

"లేదవ్వా. మన గుంపు మొత్తానికి వచ్చింది ఆ ఒక్కటే" అంది ఆశమ్మ. వ్యాను పరీక్షలు పూర్తయినట్టు రాసుకుందామని రిజిస్టరు తెరిచింది.

మొదటి పేరు తనది. ఫోన్ లేనివాళ్లవి దాని కింద పది పేర్లు. పదకొండింటికీ నంబరు ఒక్కటే.