నిమిషానికి బిల్లు లేదు

పసిపిల్లలకు నెమ్ము చేరిందో లేదో కనిపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పద్ధతి చెప్పింది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండా ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టాలట. రెండు నెలల్లోపు పసికందుకైతే 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. దగ్గుతున్న బిడ్డ ఊపిరి ఆ అంకెకు చేరితే నెమ్మని అనుమానించాలట. డొక్కలెగరేస్తూ పాలు మానేస్తే పెద్దాసుపత్రికి పరుగెత్తాలట. చోద్యం కాకపోతే, ఇందులో బిల్లు వేయడానికి ఏముందని?

మా వీధి ఆర్ఎంపీగారికి వాచీ ఉంది. అది తర్వాతి ఇంటికి టైమైందో లేదో చూసుకోవడానికి. "బాబు దగ్గుతున్నాడండీ" అనడం ఆలస్యం, డెక్సా ఒకటి, సెఫ్ట్రియాక్సోన్ ఒకటి, రెండు సూదులు దిగిపోతాయి. సాయంత్రానికి జ్వరం జారుతుంది, ఆయన హస్తవాసి ఊరంతా మోగుతుంది. మూడోనాడు బిడ్డ ఎగశ్వాసతో కొట్టుకుంటుంటే "టౌనుకు తీసుకుపోండమ్మా, ఇక్కడ మిషన్లు లేవు" అంటారు.

ఆ సెఫ్ట్రియాక్సోన్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్-1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టరు ఉంది లెండి, కొన్ననాటి అట్ట వాసన ఇంకా పోలేదు.

ఇక ఇంట్లో పంచాయితీ. ముద్దాయి సీలింగ్ ఫ్యాను, తోడుదొంగ ఐస్‌క్రీము. కట్టెల పొయ్యి పొగా, నాన్నగారి బీడీ పొగా మాత్రం నిర్దోషులుగా విడుదల. నెమ్ము తెచ్చే క్రిముల్లో ముఖ్యమైన న్యుమోకాకస్‌కు టీకా 2021 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఊరికే వచ్చే మందు పనిచేస్తుందా అని మెడలో తాయెత్తు కడతాం. దానికి డబ్బిచ్చాం కదా.

టౌనులో దొరలు ఎక్స్‌రే తీస్తారు. నిజానికి ముదిరిన కేసుకు అది కావలసిందే, ఆక్సిజన్ కూడా. ముదరని కేసుకు చాలావరకు నీళ్లలో కరిగే అమాక్సిసిలిన్ బిళ్లలే చాలు. కానీ సూది పొడవకుండా, సెలైన్ ఎక్కించకుండా బిళ్లలిచ్చి పంపే డాక్టరుకు ఫీజెందుకివ్వాలని గొణిగేది మనమే.

కనుక నాదొక మనవి. ఆ నిమిషానికి "అడ్వాన్స్‌డ్ రెస్పిరేటరీ అసెస్‌మెంట్" అని పేరు పెట్టి, పద్దెనిమిది వందలు ఛార్జీ వేయండి. ముందురోజే టోకెను తీసుకోవాలనండి. తెల్లారేసరికి గేటు దాకా క్యూ కడతాం.