డిస్కులు పోయిన రోజున వినకూడని సలహాలు

నాలుగు డిస్కుల రెయిడ్-5 పెట్టెలో ఒకటి పోయినా పని ఆగదు. రెండోదీ పోయిందా, ఫోల్డర్లు మాయం. అందులో ఉన్నవి ఎవరో పిల్ల పెళ్లి వీడియోలు కావచ్చు, ఆసుపత్రి స్కానింగులు కావచ్చు. సరిగ్గా అప్పుడే చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు మొదలుపెడతారు. కొనఊపిరితో ఉన్న డేటాని చంపేవి చాలాసార్లు ఆ సలహాలే.

“కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ కొట్టెయ్ అన్నా.” ఒక్కటే పోయినప్పుడు కూడా తొందరపడకండి. రీబిల్డ్ మిగిలిన డిస్కుల్ని మొదటి సెక్టారు నుంచి చివరిదాకా చదివిస్తుంది. అవీ ఒకేసారి కొన్నవే, అదే వేడిలో తిరిగినవే. పోతే మళ్లీ దొరకని ఫైళ్లని ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి, రీబిల్డ్ తర్వాత.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది “ఎరేని, అంటే డిస్కుల గుంపుని, మళ్లీ క్రియేట్ చెయ్, డేటా ఎక్కడికీ పోదు” అనే మాట. లైనక్స్‌లో క్రియేట్ వేరు, ఉన్న ఎరేని తిరిగి నిలబెట్టే అసెంబుల్ వేరు. క్రియేట్, ఎరే వివరాలుండే పాత సూపర్‌బ్లాకుల మీద కొత్తవి రాసేస్తుంది. డిస్కుల వరస, చంక్ సైజు, డేటా మొదలయ్యే చోటు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా అంతా కలగాపులగం. దాని మీద ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే ఆ కలగాపులగాన్నే డిస్కు మీద స్థిరపరుస్తుంది.

చూడాల్సింది వేరే ఉంది. ప్రతి డిస్కునీ ఎగ్జామిన్ చేస్తే ‘ఈవెంట్స్’ అని ఒక అంకె కనిపిస్తుంది. మూడింట్లో దగ్గరదగ్గరగా ఉండి, ఒకదాంట్లో బాగా వెనకబడి ఉంటే, ముందు పోయింది అదే. దాన్ని పక్కనపెట్టి, మిగతా మూడింటితో అసెంబుల్ చేసే దారి ఇంకా ఉండొచ్చు.

అదీ అసలు డిస్కుల మీద కాదు, నకళ్ల మీద. పెట్టె ఆపి, ఏ డిస్కు ఏ స్లాటులోదో మార్కరుతో రాయండి, సీరియల్ నంబర్లు ఫోటో తీయండి. ఆ తర్వాత డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో ఒక్కోదాన్నీ కొత్త డిస్కులోకి దించండి. అది మొరాయించే చోట్లని వదిలేసి ముందు బాగున్నదంతా తెచ్చుకుంటుంది, మ్యాప్ ఫైలు చూసుకుని వెనక్కి వస్తుంది.

డిస్కుని ఫ్రీజర్లో పెట్టమనే సలహా గురించి ఒక్క ముక్క: బయటికి తీయగానే తేమ పడుతుంది, వద్దు. మూత విప్పడం అంతకన్నా వద్దు. టక్ టక్ మని కొట్టుకుంటున్న డిస్కుకి మళ్లీ కరెంటు ఇవ్వకుండా రికవరీ ల్యాబుకి పంపండి. మొదట పోయిన డిస్కుతో సహా అన్నీ ఇవ్వండి, కంట్రోలర్ కార్డు ఉంటే అదీ. ఈలోగా ఎవరెవరు ఏమేం నొక్కారో దాచకుండా చెప్పండి.