పండు ఎవరైనా తినొచ్చు, కాగితం జాగ్రత్త

2019 డిసెంబరులో మయామీ ఆర్ట్ బాసెల్ సంతలో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించి, దానికి ‘కమెడియన్’ అని పేరుపెట్టాడు. ధర 1,20,000 డాలర్లు. ఇంకో కళాకారుడొచ్చి దాన్ని ఒలుచుకు తినేశాడు. గ్యాలరీవాళ్లు కంగారు పడలేదు, మరో పండు అంటించారు. కొన్నవాడికి దక్కేది పండు కాదుగా! ఒక ధ్రువపత్రం, పండును ఎంత ఎత్తున ఎలా అంటించాలో చెప్పే సూచనలు. 2024లో న్యూయార్క్ సదబీస్ వేలంలో ఆ హక్కు 62 లక్షల డాలర్లు పలికింది. వేలం నాటి పండును వీధిబండి దగ్గర 35 సెంట్లకు కొన్నారు. మిగతాదంతా కాగితం ఖరీదే.

ఈ వ్యాపారానికి తత్త్వశాస్త్రం దన్ను కూడా ఉంది. 1964లో కళాకారుడు వార్హోల్ అంగడి సరుకు డబ్బాల్లాగే చేసి ప్రదర్శనకు పెట్టిన బ్రిల్లో పెట్టెలు చూసి తత్త్వవేత్త ఆర్థర్ డాంటో, కళకూ మామూలు సరుకుకూ తేడా కంటికి కనిపించేది కాదన్నాడు. అయినా ఆయన వస్తువుకొక అర్థం ఉండాలని పట్టుబట్టాడు. మరో తత్త్వవేత్త జార్జ్ డికీ ఆ బరువూ దించేశాడు: కళాలోకం తరఫున ఎవరైనా హోదా ఇస్తే చాలు. కళాలోకమంటే ఎవరు? కళతో వ్యవహరించేవాళ్లు. కళ అంటే? వాళ్లు హోదా ఇచ్చినది. ఈ చుట్టుతిరుగుడును డికీ దాచలేదు, తప్పేముందన్నాడు. ఎదురుగా నిలబడ్డ పింఛనుదారుణ్ణి లైఫ్ సర్టిఫికెట్ అడిగే గుమస్తా కూడా అంతే నిబ్బరంగా ఉంటాడు.

కొత్తదాన్ని చూసి నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారని కొందరు ఆక్షేపిస్తారు. నిజమే. 1926లో అమెరికా కస్టమ్స్ అధికారులు శిల్పి బ్రాంకుసీ కంచు శిల్పం ‘బర్డ్ ఇన్ స్పేస్’ను వంటసామాను కోవలో చేర్చి 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది కళేనని తీర్పిచ్చింది. కానీ ఆ తీర్పు దేనిమీద నిలిచింది? శిల్పి చేతిపని మీద, చూడ్డానికి ఇంపుగా ఉందన్న మాట మీద. అధికారి చూసి పొరబడ్డాడు, న్యాయమూర్తులు చూసి దిద్దారు. అరటిపండు దగ్గర చూపుకు పనే లేదు, పొరబడే అదృష్టం కూడా లేదు. కాటెలాన్ వెక్కిరించింది బజారునే కదా అంటారు ఇంకొందరు. కావచ్చు. కానీ అదీ కొత్త కాదు: ఏది కళ అన్న ప్రశ్నను కళాకారుడు డుషాంప్ 1917లోనే ఒక మూత్రపాత్రను కళాఖండంగా ముందుకు తెచ్చి అడిగేశాడు. వెక్కిరింత పడ్డవాళ్లే ఎగబడి పాట పెంచుతున్నారంటే అది వెక్కిరింత కాదు, సరుకు.

ఈసారి ప్రదర్శనకు వెళ్తే గోడపక్క వివరణ చీటీ చివర్లో చదవండి. ముందు వస్తువును చూడండి. చూడ్డానికేమీ లేకపోతే మొహమాటపడకుండా పక్క గదిలోకి నడవండి.